కునుకు అన్న మాటను కొట్టేసింది నేనే

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఇప్పుడు ఎవరిని కదిపినా స్టార్టప్ అంటున్నారు. ఇన్వెస్టర్ల ముందు ఎలా మాట్లాడాలో ఆ పిల్లలకు నేర్పే మాస్టార్లు కూడా బయల్దేరారు. ఆ పని నేను ఏడేళ్ళు చేసి మానేశాను. మానేసిన రోజు సన్మానం చేస్తామన్నారు, వద్దన్నాను. కోపం వచ్చి వద్దన్నానని సెంటర్‌లో అందరూ అనుకున్నారు. నాకు కోపాలున్న మాట నిజమే, అవి ఇందులో దాచను. కానీ ఆ శాలువా వద్దనడానికి కారణం సిగ్గు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నా జీతమూ నా సర్టిఫికెట్లూ అక్కర్లేదు. ఆ సిగ్గు ఎలా పట్టుకుందో మాత్రం తెలియాలి.

పని ఏమిటంటే

ముప్పై ఏళ్ళు ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో సైకాలజీ చెప్పాను. రిటైరైన మరుసటి ఏడాది తాడేపల్లిగూడెంలో ఒక ఇంక్యుబేషన్ సెంటర్ పెట్టారు. కొత్త వ్యాపారం ఆలోచనతో వచ్చిన పిల్లలకు కూర్చోవడానికి చోటిచ్చి, సలహాలిచ్చి, ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ నుంచి పెట్టుబడి పెట్టేవాళ్ళను పిలిచి వాళ్ళ ముందు మాట్లాడించేవారు. ఆ మాట్లాడటాన్ని పిచ్ అంటారు. మనిషికి అయిదు నిమిషాలు.

ఇన్వెస్టర్ ఒక్క మధ్యాహ్నంలో పదిహేను, ఇరవై మంది మాటలు వింటాడు. సాయంత్రం కారెక్కేసరికి అతని తలలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. మిగతావాళ్ళు సరిగా మాట్లాడక కాదు, ఒకరిలో ఒకరు కలిసిపోతారు. ఆ మిగిలే ఇద్దరిలో మన పిల్లను చేర్చడమే నా పని.

జ్ఞాపకం గురించి తరగతి గదిలో చెప్పినవే ఇక్కడా చెప్పేవాణ్ణి. మొదట చెప్పినదీ చివర చెప్పినదీ నిలుస్తాయి, మధ్యలోది జారిపోతుంది. అంకె కంటే కంటికి కనిపించే వస్తువు ఎక్కువ రోజులు ఉంటుంది. పది ఒకేలా ఉన్నచోట తేడాగా ఉన్న ఒక్కటే తలకెక్కుతుంది. అన్నీ గుర్తుండాలనుకుంటే ఏదీ గుర్తుండదు. కాబట్టి ఒక్కటి ఎంచుకుని దాని చుట్టూ ఉన్నదంతా కత్తిరించాలి. ఈ కత్తిరించడంలో నాకు మంచి పేరుండేది.

సెంటర్ డైరెక్టర్‌కు ఇదంతా గారడీలా కనిపించేది. మొదటి మీటింగ్‌లోనే నన్ను పిల్లలకు "మన మెమరీ ట్రిక్స్ మాస్టారు" అని పరిచయం చేశాడు.

"ట్రిక్స్ కాదండీ, సైకాలజీ అండి," అన్నాను అందరిముందూ.

"అబ్బే, మాట వరసకన్నానండీ మాస్టారూ. పట్టించుకోకండి."

పట్టించుకున్నాను. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా గళ్ళు కూడా నాకు ఇప్పటికీ గుర్తే.

నాకీ విద్య ఎక్కడ వచ్చిందంటే

పుస్తకాల్లో వచ్చిందని పిల్లలతో చెప్పేవాణ్ణి. నిజానికి అది ఒక అవమానం నేర్పిన విద్య. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. నా క్లాసులో వాళ్ళు కూర్చున్నారు. భయానికి నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పాఠం మొత్తం ఎక్కిళ్ళతోనే చెప్పాను. ఆ సాయంత్రం స్టాఫ్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ గారు అంతా ముగించి, లేవబోతూ, "ఎక్కిళ్ళ మాస్టారికి ఎవరైనా మంచినీళ్ళివ్వండయ్యా," అన్నారు. అందరూ నవ్వారు.

అంతే. ఆ తర్వాత పాతికేళ్ళు నేను ఎక్కిళ్ళ మాస్టారినే. నేను చేరిన ఏడాదికి పుట్టని పిల్లలు కూడా నా వెనక ఆ మాటే అనేవారు. ఆ ప్రిన్సిపాల్ గారు పోతే చూడటానికి కూడా వెళ్ళలేదు నేను.

నేను చెప్పిన వందల పాఠాలు ఎవరికీ గుర్తులేవు, ఒక్క ఎక్కిలి ఎందుకు గుర్తుంది అని చాలా ఏళ్ళు ఆలోచించాను. పొట్టిగా ఉంది. కళ్ళకు కడుతుంది. నలుగురిలో అన్నారు. చివర్లో అన్నారు. ఇంకొకరికి చెప్పడం సులువు. ఇన్వెస్టర్ల ముందు నా పిల్లలతో నేను చెప్పించినవన్నీ ఈ కొలతలకే కోసినవి. అవమానం ఎలా అతుక్కుంటుందో చూసి అలాగే వ్యాపారాన్ని అతికించడం నేర్చుకున్నాను. అందులో ప్రమాదం ఉందని నాకు తట్టలేదు. తట్టాల్సింది నాకే, అయినా తట్టలేదు.

తివాచీ ముక్క

సరిగ్గా చేసిన పని ఒకటి చెప్తాను. ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం నుంచి రఫీ అనే కుర్రాడు వచ్చాడు. నేతగాళ్ళ దగ్గర నుంచి కొనేవాళ్ళకు నేరుగా అమ్మే వెబ్‌సైట్ పెట్టాడు. ముప్పై స్లైడ్లు తెచ్చాడు. అన్నీ పక్కన పెట్టించి, "మీ ఇంట్లో అన్నిటికంటే పాత తివాచీ ఏది?" అని అడిగాను.

"మా తాతగారు కూర్చునేదండి. అంచులు పోయాయి."

"దాని మూల ఒకటి కోసి తీసుకురా. ముందు మాట్లాడకుండా వాళ్ళ చేతికివ్వు. వాళ్ళు దాన్ని తడుముతున్నప్పుడు మాట్లాడు."

"కొయ్యాలా అండీ?" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. "తాతగారిని అడిగి చెప్తానండి."

"అడిగేదేముందయ్యా, ఎటూ చిరిగిపోయిందేగా?"

"అలా కాదండీ మాస్టారూ. ఆయన కూర్చునేది కదండీ."

మూడు రోజులు రాలేదు. నాకు చిర్రెత్తింది. నాలుగో రోజు వచ్చాడు, చేతిలో తివాచీ మూల. తాతగారే స్వయంగా కోసిచ్చారట, ఎక్కడ కోస్తే మిగతాది విడిపోకుండా ఉంటుందో చూసి మరీ. ఆ ముక్క హాల్లో చేతులు మారి చివరి వరస దాకా వెళ్ళింది. రఫీకి పెట్టుబడి వచ్చింది.

ఈ సంగతి ఏడేళ్ళూ ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. ముక్క గురించే చెప్పాను. ఆ మూడు రోజుల గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ మూడు రోజులూ నాకు వృథాగా కనిపించాయి.

హారిక

హారికది ముదినేపల్లి దగ్గర పల్లె. ఇంజనీరింగ్ చదివింది. చేపల చెరువులో పెట్టే పరికరం ఒకటి తయారుచేసింది. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే అది రైతుకు ఫోన్ చేస్తుంది. అతను ఎత్తకపోతే తనే ఏరేటర్లు, అంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు, తిప్పడం మొదలుపెడుతుంది. మంచి పరికరం. చెప్పడమే చేతకాదు. గ్రాఫులు చూపించి కళ్ళు దించుకుని గబగబా చదివేసేది.

"ఇది ఎందుకు చేశావమ్మా?" అని అడిగాను.

గ్రాఫులు పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది.

"మూడు రోజులు ముసురండి మాస్టారూ. ముసురు పడితే చెరువులో గాలి తగ్గిపోద్ది, చేప పైకొచ్చేస్తది. మా నాన్న మూడు రాత్రుళ్ళూ గట్టు మీదే ఉన్నారు. కరెంటు పోవడం, రావడం. వచ్చినప్పుడల్లా ఏరేటర్లు చేత్తో వేసుకోవాలండి. నాలుగో రోజు తెల్లారగట్ల కునుకు పట్టేసిందండి ఆయనకి. గంటో, గంటంబావో. ఆ మధ్యలోనే కరెంటు పోయి వచ్చింది. లేచి చూసేసరికి చెరువంతా తెల్లగా ఉంది. చేపలన్నీ వెల్లకిలా."

నా ఒళ్ళు జలదరించింది. జాలితో కొంత, దొరికిందన్న సంతోషంతో ఎక్కువ. లేచి బోర్డు మీద రాశాను.

మా నాన్న నిద్రపోయారు. చెరువు చచ్చిపోయింది.

"నీ పిచ్ మొత్తం ఇంగ్లీషులో ఉంది కదా. మొట్టమొదట ఈ రెండు ముక్కలూ తెలుగులో చెప్పు. మూడు లెక్కపెట్టేంతసేపు ఆగు. ఆ తర్వాత ఇంగ్లీషు. ఇంగ్లీషు మధ్యలో తెలుగు వాక్యం ఎవరూ మర్చిపోలేరు."

ఆ అమ్మాయి బోర్డు వైపే చూస్తోంది. "కునుకండీ అది," అంది మెల్లగా.

"ఏంటమ్మా?"

"నిద్రపోయారు అంటే వేరేగా ఉంటదండీ మాస్టారూ. కునుకు పట్టిందండి. మూడు రాత్రుళ్ళు మేలుకున్నారని కూడా చెప్తే..."

"అది చెప్పడానికి పన్నెండు సెకన్లు పడుతుంది. వివరం పెరిగిందంటే బొమ్మ చెదిరిపోతుంది. హాల్లో కూర్చున్నవాళ్ళకి కునుకుకీ నిద్రకీ తేడా ఏం తెలుస్తుందమ్మా?"

"మా ఊళ్ళో తెలుస్తదండి."

"నువ్వు చెప్పేది మీ ఊరికి కాదు కదా."

మా ప్రాంతంలో పెద్దవాళ్ళకు ఎదురు చెప్పరు. "అలాగేనండి," అంది.

సైకాలజీ చదివిన నాకు, తెలుగు మాట్లాడే నాకు, ఆ పిల్లకున్న పాటి భాష లేకపోయింది. కునుకు పడుతుంది. అది వచ్చి మనిషిని పట్టుకుంటుంది, అందులో మనిషి తప్పు లేదు. నిద్ర మనిషే పోతాడు. ఒక్క మాట మార్చి, మూడు రాత్రులు కొట్టేసి, కష్టపడ్డ మనిషిని నేరస్థుణ్ణి చేశాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ అయిదు రోజుల రిహార్సల్‌లో ఒక్కసారైనా వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి, ఇలా చెప్పిస్తున్నానండీ అని అడగలేదు.

డెమో డే

ఇన్వెస్టర్లు వచ్చి పిల్లల మాటలు వినే రోజును డెమో డే అంటారు. ఆ ఏడాది దానికి డైరెక్టర్ హైదరాబాద్ నుంచి ఒక కోచ్‌ను పిలిపించాడు. నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడు. "ఈ జిల్లాల్లో పిల్లలకి స్టోరీ చెప్పడం రాదు సార్," అని రిహార్సల్స్ మొదలవకముందే నేను వినేలాగే అన్నాడు. అతనికి ముందు వరసలో కుర్చీ వేశారు. నాకు స్తంభం పక్కన వేశారు. అక్కడి నుంచి సగం స్టేజీయే కనిపిస్తుంది. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, హారికతో ఆ రెండు ముక్కలూ నేను ఎవరి కోసం చెప్పించానో మీకు అర్థం కావాలి. ఇన్వెస్టర్ కోసం సగం. ఆ ముందు వరస కుర్చీలో మనిషి కోసం సగం. నాకు తగిలిన దెబ్బకు జవాబు చెప్పడానికి ఇంకొకరి తండ్రిని వాడుకున్నాను.

హారిక భోజనాల తర్వాత ఎక్కింది. అందరూ ఆవలిస్తున్న సమయం. మైకు పట్టుకుని, "మా నాన్న నిద్రపోయారు," అంది. ఆగింది. "చెరువు చచ్చిపోయింది."

హాల్లో ఫోన్లు చూసుకుంటున్న తలలన్నీ ఒక్కసారి లేచాయి. హైదరాబాద్ కోచ్ తిరిగి నా వైపు చూశాడు. నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు.

అయిపోయాక హారిక ఒకాయన్ని తీసుకొచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ఎండకు కమిలిన మెడ.

"మా నాన్నగారండి. రాఘవులు గారు."

ఆయన రెండు చేతులూ జోడించారు. "అమ్మాయి చాలా బాగా మాట్లాడిందండి. అంతా మీ చలవేనండి."

"మీ కథే కదండీ రాఘవులు గారూ, అందరినీ కదిలించేసింది!" అన్నాను నేను.

"ఆయ్," అన్నారాయన. "సాయంత్రం పాలకేంద్రంలో పాలు పొయ్యాలండి, బస్సు పోద్దేమో. ఉంటానండి."

ఆయన టీ కూడా ముట్టుకోలేదని హారిక తర్వాత చెప్పింది. మొహమాటమని అనుకున్నాను. మనుషుల మనసు గురించి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడి తెలివి అది.

ఆ మాట ఊరికి చేరింది

ఎవరో ఆ మొదటి అరనిమిషం ఫోన్లో తీశారు. అంతా ఇంగ్లీషైతే ఎక్కడికీ పోయేది కాదు. తెలుగులో ఉన్న ఆ రెండు ముక్కలే చెరువుల రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి పాకాయి. గణపవరం, ముదినేపల్లి, దెందులూరు. నేను తేడాగా నిలబెట్టిన వాక్యం, నేను అనుకున్నట్టే, ఎవరూ మర్చిపోలేదు.

రాఘవులు గారికి సొంత చెరువు లేదు. ఎనిమిదెకరాల చెరువు కౌలుకు చేసేవారు. చేపలు పోయిన ఏడాది కూడా ఆ భూమి గల అన్నదమ్ములిద్దరూ ఆయన్ని ఒక్క మాట అనలేదట. ముసురు ఎవరి చేతిలో ఉంటుంది అన్నారట. మూడు రాత్రులూ ఆయన టార్చి లైటు గట్టు మీద తిరగడం వాళ్ళు చూసినవాళ్ళే. అలాంటిది, వీడియో వచ్చిన మూడో నెలలో కౌలు మళ్ళీ రాసుకోవడానికి వెళ్తే, ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన నేల చూపులు చూస్తూ అన్నాడట: "నలుగురూ నవ్వుతున్నారు రాఘవులు గారూ. నిద్రపోయే మనిషికి చెరువిచ్చామంటున్నారు. మీ అమ్మాయే చెప్పింది కదండీ మరి. ఏమీ అనుకోకండి."

అప్పటికే ఆయనకు పేరు పెట్టేశారు. నిద్ర రాఘవులు. ఆ ఊళ్ళో ఇంకో ఇద్దరు రాఘవులున్నారు, గుర్తుకోసం ఏదో ఒకటి కలపాలి కదా. నేనే అందించాను.

ఇదంతా హారిక నా గదికి వచ్చి నిలబడి చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వేం అబద్ధం చెప్పలేదు కదమ్మా," అన్నాను.

"లేదండి."

"మరి?"

"నిజం కూడా చెప్పలేదు కదండీ మాస్టారూ."

ఆ తర్వాత సెంటర్‌కు రావడం మానేసింది.

నేను వెంటనే సిగ్గుపడ్డానని అనుకోకండి. నాది మొండి ఘటం. నెల రోజులు నాతో నేనే వాదించుకున్నాను. వీడియో తీసిన వాడిది తప్పు. నవ్విన ఊరిది తప్పు. భూమి గలవాళ్ళది తప్పు. నేను రాసిన వాక్యంలో ఒక్క అబద్ధం చూపించమనండి! అలా తిరుగుతుంటే ఒక రోజు బస్సులో, పక్క సీటాయనకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ప్రిన్సిపాల్ గారు కూడా అబద్ధం చెప్పలేదు, నాకు ఆ రోజు ఎక్కిళ్ళు వచ్చిన మాట నిజమే కదా అనిపించింది. మంచినీళ్ళ సీసా ఆయనకిచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పనిగా చూసినా అది తప్పే

మనిషి సంగతి పక్కన పెట్టి, పని లెక్కన చూసినా నేను ఓడిపోయాను. ఆరు నెలలకు ఆ ఇన్వెస్టర్లలో ఒకాయన మళ్ళీ వచ్చాడు. నన్ను చూసి ఆప్యాయంగా చెయ్యి కలిపాడు.

"మాస్టారూ, ఆ నిద్రపోయిన నాన్న అమ్మాయి ఎలా ఉంది? మా ఆవిడక్కూడా చెప్పానండీ ఆ సంగతి. అద్భుతం. ఇంతకీ ఆవిడ ఏం చేస్తుంది? ఏదో యాప్ కదూ?"

యాప్ కాదు. పరికరం. ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే తనే చక్రాలు తిప్పుతుంది. అదేదీ ఆయనకు మిగల్లేదు. తండ్రి మిగిలాడు.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ళూ, నేను చెప్పేది వినండి. గుర్తుండటం అనేది ఒక కొక్కెం. దానికి ఏం తగిలిస్తున్నారో చూసుకోవాలి. మీరు ఎంచుకున్న బొమ్మలోనే వ్యాపారం ఉండాలి. బొమ్మ ఒకచోట, వ్యాపారం ఇంకోచోట ఉంటే వినేవాడు బొమ్మను ఇంటికి తీసుకుపోయి వ్యాపారాన్ని కుర్చీలో వదిలేస్తాడు. మోగుతున్న ఫోన్‌ను ఆ అమ్మాయి చేతికిచ్చి, ఎవరూ ఎత్తకుండా అలా మోగనిచ్చి, వెనక చక్రాలు వాటంతట అవే తిరిగేలా చేసి ఉంటే చాలు. ఏ తండ్రీ అక్కర్లేదు. ఆ ఆలోచన నాకు ఏడాది ఆలస్యంగా వచ్చింది.

బాధ కలిగించేది బాగా గుర్తుంటుందని ఎవరైనా మీకు నేర్పితే, అది నిజమే. నిజం కాబట్టే దూరంగా ఉండమంటున్నాను. ఏడిపించే వాక్యం రాయడం తేలిక, పదో తరగతి పిల్లలు కూడా రాసేస్తారు. వాక్యంలో ఒక మనిషి ఉంటే, హాలుకు వినిపించే ముందు ఆ మనిషికి వినిపించండి. ఆయన వద్దంటే కొట్టేయండి. "మాస్టారు చెప్పారు కదా" అని తలూపే పిల్లల తలూపుడును ఒప్పుకోలుగా తీసుకోకండి. మా వైపు పిల్లలు "అలాగేనండి" అంటే అందులో సగం సార్లు వద్దని అర్థం. ఇది తెలియని హైదరాబాద్ కోచ్‌ను క్షమించవచ్చు, నేను ఇక్కడివాణ్ణి.

డైరెక్టర్ మాత్రం మరుసటి ఏడాది బ్రోచర్‌లో హారిక ఫోటో వేసి, కింద ఆ రెండు ముక్కలూ అచ్చువేయించాడు. తీసేయమన్నాను. "బాగా పేలింది కదండీ మాస్టారూ," అన్నాడు. తీసేదాకా రానన్నాను. తీయలేదు. నేను వెళ్ళడం మానేశాను. సన్మానం వద్దన్నది అప్పుడే.

గట్టు మీద

రాఘవులు గారు దెందులూరు వైపు వేరేవాళ్ళ చెరువులో జీతానికి మేత చూస్తున్నారని తెలిసి వెళ్ళాను. వెళ్ళడానికి ఎన్నాళ్ళు పట్టిందో రాయను. ఉదయం తొమ్మిదిన్నర అయింది. హైవే మీద ఆటో దిగి గట్టు మీద నడిచాను. ఆయన పడవలో తవుడు సంచులు సర్దుకుంటున్నారు. చిల్లులు పొడిచిన ఆ సంచులను చెరువులో పాతిన గెడలకు కడితే చేపలు వచ్చి తింటాయి.

నన్ను చూసి గట్టెక్కారు. చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టారు.

"ఎండలో వచ్చారేంటండీ మాస్టారూ. కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదండీ. కూర్చోండి, కూర్చోండి."

షెడ్డులోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి వేశారు. ఆయన నిలబడే ఉన్నారు.

"రాఘవులు గారూ, మీకు నేను అన్యాయం చేశానండి. ఆ మాట మీ అమ్మాయిది కాదు. ఆ అమ్మాయి కునుకనే చెప్పింది, మూడు రాత్రులూ చెప్పింది. నేనే కొట్టేశాను."

"అయ్యో, మీరు పెద్దవారండి. అలా అనకండి."

"ఆ అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళి చెప్తాను. ఊళ్ళో నలుగురినీ కూర్చోబెట్టి చెప్తాను. వీడియో చేసి పెడతాను."

ఆయన చెరువు వైపు చూశారు. "వద్దండి," అన్నారు. చాలా మెత్తగా అన్నారు. "ఇప్పుడిప్పుడే కొత్త కుర్రాళ్ళు మామూలుగా పిలుస్తున్నారండి. మీరు మళ్ళీ చెప్తే మళ్ళీ మొదలవుద్ది."

హారిక ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉందండి. ఈ వైపు నాలుగైదు చెరువుల్లో పెట్టిందండి ఆ మిషన్ను. నాతో మాట్లాడ్డానికే కొంచెం ఇదిగా ఉంటది. నేను ఫోన్ చేస్తే భోజనం చేశావా నాన్నా అంటది, పెట్టేస్తది. ఇదివరకు గంటలు గంటలు మాట్లాడేదండి." తువ్వాలు భుజం మీద వేసుకున్నారు. "నేనేమీ అనలేదండి దాన్ని. ఒక్క మాట అనలేదు. మీరడిగి ఉంటే చెప్పేవాణ్ణండి, అమ్మాయికి ఉపయోగపడితే జనం ఏమైనా అనుకోనివ్వండి అని. అడిగితే ఒప్పుకునేవాణ్ణే."

ఆ మాట వచ్చి నాలో ఎక్కడ దిగిందో నేను చెప్పలేను.

"మేత టైమైందండి," అన్నారాయన. "మీరు నీడలో కూర్చోండి. ఈ సంచులు కట్టేసి వచ్చేస్తాను."

పడవ ఎక్కి గెడ వేసుకుంటూ వెళ్ళారు. ఒక్కో సంచీ కట్టడం చూస్తూ కూర్చున్నాను. వచ్చాక ఏం మాట్లాడాలో సరిచూసుకుంటున్నాను. ఆఖరి సంచీ కట్టారు. పడవ ఇటు తిరుగుతుందని చూశాను. అది నెమ్మదిగా అవతలి గట్టుకు చేరింది. ఆయన దిగి, పడవను గుంజకు కట్టి, చెప్పులు వేసుకుని, అటు వైపు దారిలో నడిచి వెళ్ళిపోయారు.

కేక వేస్తే వినబడే దూరమే. వేయలేదు. ఎండ నా కుర్చీ మీదికి వచ్చేదాకా కూర్చుని, ఆ కుర్చీ లోపల పెట్టి వచ్చేశాను.